పక్క సీటు

కాలు దానంతటదే నేలని నొక్కుతోంది. ఆయన కూర్చున్నది సిమెంటు బల్ల మీద, కాలి కింద ఉన్నది ఎవరో తాగి పారేసిన కాగితం కప్పు, అది ఎప్పుడో చదునైపోయింది, అయినా కుడికాలు ఊరుకోవడంలేదు. ఎదురుగా మైదానంలో ఎవరో కుర్రాడు తెల్లకారుని కర్రల మధ్యలోకి వెనక్కి తీస్తున్నాడు. వాడెవరో ఆయనకి తెలీదు, కర్రని గుద్దితే వాడి లైసెన్సు పోతుంది, ఈయనకేం పోతుంది, కానీ కర్ర దగ్గరపడేసరికి కాలు బిగుసుకుని కిందకి దిగుతుంది. డ్రైవింగ్ స్కూలు మాస్టారి కాలు మరి. నేర్పే బళ్ళలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆ రెండో బ్రేకు మీదే ఆ కాలు ముసలిదైంది. ఈ ఊళ్ళో కార్లు నడిపేవాళ్ళు ఆ కాలి పుణ్యానే ప్రాణాలతో ఉన్నారని ఆయన నమ్మకం, నడిచి రోడ్డు దాటేవాళ్ళు బతికి బట్టకట్టారంటే అదీ ఆ కాలి పుణ్యమే. తెల్లకారు కర్రకి తగలకుండా బయటపడింది. వరసలో దాని వెనక ఎర్రకారు, దాని వెనక బూడిదరంగు కారు. ఆ బూడిదరంగుది తమదే, పిల్లల చదువులప్పటినుంచి ఉన్న ఇంటి కారు, అందులో స్టీరింగ్ ముందు కూర్చున్నది ఆయన భార్య. ఇవాళ ఆవిడకి లైసెన్సు పరీక్ష. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్న వయసులో ఆవిడ కారు నేర్చుకుంది. నేర్చుకోవచ్చు, తప్పేముంది, వద్దని ఆయన ఎప్పుడైనా అన్నాడా. నేర్పింది ఆయన కాదు, అంతే. ఊరందరికీ నేర్పిన మనిషి ఇంట్లో మనిషికి నేర్పింది ఇంకొకడు, ఆ ఇంకొకడు ఇదే బల్ల మీద ఆ చివర కూర్చుని ఉన్నాడు.

వాడికి ఆయన పెట్టుకున్న పేరు వెన్నపూస. పైకి ఎవరితోనూ అనడు, మనసులో తప్ప ఇంకోలా అనుకోడు. వీధికి ఇటు ఈయన స్కూలు, అటు వాడిది, మధ్యలో ఆగే బస్సు వాడి బోర్డుని కాసేపు కప్పేస్తే అదో చిన్న సంతోషం. వాడు స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకున్నది ఈయన దగ్గరే, నేర్చుకుని రెండేళ్ళు ఈయన దగ్గరే పనిచేసి, ఒకరోజు కాళ్ళకి దండంపెట్టి వెళ్ళి ఎదురుగా దుకాణం తెరిచాడు. ఏకు మేకవడమంటే అదే. ఆ దండం ఎందుకు పెట్టినట్టో ఈయనకి ఇప్పటికీ అర్థంకాలేదు. వాడు అరవడు. "అమ్మా, ఇప్పుడు నెమ్మదిగా క్లచ్ వదులుదామా," అంటాడు, వదులుదామా ఏమిటి, వాడూ వదుల్తాడా, వాడి కాలు ఎక్కడుంది, ఈ మాటల తీపికే కదా ఆడవాళ్ళంతా రోడ్డు దాటి అటు పోతున్నారు. పోనీ ఊళ్ళో ఆడవాళ్ళు పోతే పోయారు. ఇందాక మైదానం గేటు దగ్గర కారు దిగి సీట్లు మారుతున్నప్పుడు వాడు వచ్చి, "మేడం, మంచినీళ్ళు తాగుతారా," అని సీసా మూత తీసి మరీ ఇచ్చాడు, ఆవిడ తీసుకుని తాగింది, తాగి, "థాంక్స్ మాస్టారూ," అంది. మాస్టారూ. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఈయన్ని ఏవండీ అంది, ఇదిగో అంది, మీ నాన్న అంది, కోపం వచ్చినప్పుడు ఈ పెద్దమనిషి అంది, మాస్టారూ అని ఒక్కసారి అనలేదు. ఊరంతా అనే మాట ఇంట్లో ఎందుకులే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ మాట ఆవిడ నోట్లో ఉందనీ, దాన్ని ఇంకొకడి కోసం దాచిందనీ ఇందాకే తెలిసింది. సీసా ఇచ్చినప్పుడు వాడి వేళ్ళు ఎక్కడున్నాయో కూడా చూశాడు, తన వయసుకి తగని పని అని తెలిసీ చూశాడు, వాడికింకా తలలో తెల్లవెంట్రుక లేదు, కూతురికంటే నాలుగేళ్ళు పెద్దవాడేమో, ఆ విషయం గుర్తొచ్చాక కూడా మంట చల్లారలేదు.

దిండు సంగతి తలుచుకుంటే మంట ఇంకాస్త ఎగుస్తుంది. ఆవిడ వీపు వెనక ఇప్పుడొక చిన్న దిండు ఉంది, ఇంట్లో పాత కర్టెను గుడ్డతో కుట్టింది, పసుపుపచ్చ పూలది. కొన్నాళ్ళుగా ఆవిడ చేతిసంచీలోంచి ఆ పూలు కనిపిస్తూనే ఉన్నాయి. నడుంనొప్పి కాబోలనుకున్నాడు, ఒకరోజు మందుల షాపులో నొప్పికి రాసుకునే ట్యూబు తెచ్చి టేబులు మీద పెట్టాడు కూడా, ఆవిడ చూసి, "ఎవరికి?" అంది, "నీకే," అన్నాడు, ఆవిడ దాన్ని తీసి బీరువాలో పెట్టేసింది. ఆ దిండు నడుముకి కాదు, కాలికి. ఆవిడది పొట్టి కాలు. సీటు ఎంత ముందుకి జరిపినా క్లచ్ చివరిదాకా అందదు, వీపు వెనక ఏదైనా పెట్టుకుంటే అందుతుంది. ఆ సంగతి కనిపెట్టింది వెన్నపూస. మొదటిరోజే కనిపెట్టాడట, నిన్న కూతురు ఫోనులో చెప్పింది, "మొదటిరోజే అన్నారట నాన్నా, మేడం, తప్పు మీది కాదు, సీటుది అని," అని అదేదో పెద్ద గొప్ప అయినట్టు. తన పెళ్ళాం కాలు ఎంత పొడుగో తనకి తెలియదా? చెప్పులు కొన్నప్పుడల్లా పక్కనే కూర్చున్నాడే, ప్రసవమై మంచం దిగలేని రోజుల్లో ఆ కాళ్ళకి తనే మేజోళ్ళు తొడిగాడే, మరి ఆ కాలు క్లచ్‌కి అందడంలేదని తనకెందుకు తెలియలేదు, వాడికి ఎందుకు తెలిసింది, వాడు అంత కిందకి ఎందుకు చూశాడు. చూడాలి, అది వాడి పని, తనైనా స్టూడెంటు కాళ్ళే మొదట చూస్తాడు. అందరి కాళ్ళూ చూసినవాడు ఆవిడ కాలు చూడలేదు, నొక్కు నొక్కు అని మాత్రం అన్నాడు.

అది కొడుకు హైస్కూల్లో ఉన్నప్పటి మాట. ఆవిడే అడిగింది, నాకూ నేర్పండి అని. స్కూలు బండిలోనే కూర్చోబెట్టాడు. ఇంటినుంచి మార్కెట్టుకి వెళ్ళి కూరలు కొనుక్కుని తిరుగుముఖం పట్టేలోపు ఆవిడ కాలు బ్రేకు మీద పడకముందే ఈయన కాలు పడేది, ఆవిడ కాలు క్లచ్ మీద ఉందో గాల్లో ఉందో తేలకముందే ఈయన నోరు లేచేది. మార్కెట్టు ముందు నాలుగు రోడ్ల కూడలిలో, లైటు పడి, అన్ని పక్కలా బళ్ళు హారన్లు కొడుతుండగా, ఆవిడ ఇంజను ఆపింది, తలుపు తీసుకుంది, వెనక సీట్లోంచి కూరగాయల సంచీ తీసుకుంది, దిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. "బండి మీరే నడుపుతున్నారు, మధ్యలో నేనెందుకు," అని మాత్రం అంది, అరవలేదు కూడా. ఆ కథని ఈయన ప్రతి కొత్త బ్యాచికీ చెబుతాడు, మా ఆవిడ బండిని కూడలిలో వదిలేసింది కానీ కూరగాయలు వదల్లేదు అని, అక్కడ అందరూ నవ్వుతారు, నవ్వు అయ్యాక మొదటిపాఠం మొదలవుతుంది. వెన్నపూస కూడా ఆ కథ విని నవ్వినవాడే. నవ్వి ఊరుకోకుండా గుర్తుపెట్టుకున్నాడు కాబోలు, మన వేలితో మన కన్నే పొడవడమంటే ఇదే. కూతురు పెళ్ళయి ఊళ్ళోనే ఉంది, ఈ ఏర్పాటంతా దానిదే. "నాన్నా, నీ దగ్గర నేర్చుకుంటే అమ్మకి లైసెన్సు రాదు, విడాకులొస్తాయి," అంది అదే ఫోనులో. దానికి ఆ నోరు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు.

ఎర్రకారు కదిలింది, అందులో ఉన్నావిడ మొదటి మలుపులోనే ఇంజను ఆగిపోయేలా చేసుకుంది, పక్కన కూర్చున్న ఆఫీసరు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఈయన కాలు నొక్కింది. తన భార్యకి లైసెన్సు వస్తే ఏమవుతుంది? ఏమీ కాదు, బజారు పనులు ఆవిడే చూసుకుంటుంది, ఈయనకి విశ్రాంతి, అందరూ అదే అంటున్నారు, అదృష్టవంతుడివిరా అని బావమరిది కూడా అన్నాడు. శనివారం పొద్దున్న ఆవిడ సంచులు తీసుకుని ముందు గదిలో నిలబడి, "వెళ్దామా?" అనదు ఇక, తాళంచెవి తీసుకుని వెళ్ళిపోతుంది. మందుల షాపు, కూరల మార్కెట్టు, ఇస్త్రీ బట్టలు, చెప్పులు కుట్టించడం, కూతురింటికి డబ్బా ఇచ్చి ఖాళీ డబ్బా తెచ్చుకోవడం, అన్నీ ఒక్కతే. ఇంట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. పోట్లాట ఏమీ లేదు, అలా అలవాటైపోయింది, ఈయన టీవీ ఈయనకుంది, ఆవిడ వంటింటికి ఆవిడ రేడియో ఉంది, పిల్లలు ఫోను చేస్తే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. కానీ కారెక్కితే ఆవిడ మాట్లాడుతుంది. తలుపు మూసిన చప్పుడుకి ఏదో మూత తెరుచుకున్నట్టు మొదలుపెడుతుంది, దర్జీ చేతులు పొట్టిగా కుట్టాడనీ, పక్కింటావిడ కోడల్ని వెనకేసుకొస్తోందంటే ఏదో మతలబు ఉందనీ, కొడుకు గొంతు ఈ వారం బాగాలేదు, ఆఫీసులో ఏదో అయి ఉంటుందనీ, ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ, ఆవిడ చెబుతుంటే ఈయన ఊఁ అంటూ. అంతే ఈయన వాటా, ఊఁ. పెద్ద విషయాలుంటే ఎర్రలైటు దగ్గర చెప్పేది. కొడుకు తనకి నచ్చిన అమ్మాయిని చేసుకుంటానంటున్నాడన్న సంగతి పోస్టాఫీసు పక్క లైటు దగ్గర చెప్పింది, ఈయన అరవడానికి నోరు తెరిచేసరికి ఆకుపచ్చ పడింది, వెనక హారన్లు, గేరు మార్చి కదిలేసరికి కోపం సగం తగ్గింది, ఇల్లు చేరేసరికి పిల్లది ఏం చదివిందని అడిగాడు. ఆవిడ రొమ్ములో గడ్డ ఉంటే పరీక్షకి పంపిన సంగతీ అలాగే తెలిసింది, అదీ ఎర్రలైటు దగ్గరే, ప్రమాదమేమీ లేదని ఫలితం వచ్చిన రోజూ అదే లైటు, ఆవేళ మాత్రం ఆకుపచ్చ పడినా ఈయన బండి కదిలించలేకపోయాడు. ఆ మాటలన్నీ ఇప్పుడు ఎక్కడికి పోతాయి? ఒక్కతే నడుపుకుంటూ గాలికి చెప్పుకుంటుందా? ఆ ఆలోచన ఎక్కడికి తీసుకెళ్తుందో తెలిసే ఆయన ఇన్నాళ్ళూ దాని పక్కకి పోలేదు. ఈ రెండు నెలలూ రోజూ పొద్దున్న ఆవిడ ఇంకొకడి కారులో కూర్చుంది. తలుపు మూసిన చప్పుడు అందులోనూ అవుతుంది. వాడికీ చెప్పిందా, దర్జీ సంగతి, కొడుకు గొంతు సంగతి, ఎర్రలైటు దగ్గర ఏం చెప్పింది వాడికి, ఈయన గురించే చెప్పిందా. వేళ్ళూ సీసాలూ కాదు, అసలు బాధ ఇది.

ఆవిడ నేర్చుకుంటున్న సంగతి ఇంట్లో ఎవరూ చెప్పకముందే ఆయనకి తెలుసు. చెరువు రోడ్డు మీద తెలిసింది. పక్కన కొత్త స్టూడెంటు, బ్యాంకులో పనిచేసే అబ్బాయి, స్టీరింగుని పాముని పట్టుకున్నట్టు పట్టుకుని వణుకుతున్నాడు, ఎదురుగా వెన్నపూస స్కూలు బండి వచ్చింది, నెత్తిమీద బోర్డుతో. అందులో నడిపేవాళ్ళు మలుపు ముందు అద్దం చూశారు, వేగం తగ్గించారు, సైకిలు మీద పోతున్న ముసలాయన దాటేదాకా ఆగారు, ఆగి మళ్ళీ అద్దం చూసి కదిలారు, తొందర లేదు, బెదురు లేదు, అంత అందంగా బండి మలుపు తిరగడం ఈయన ఈమధ్య చూడలేదు. చూడవయ్యా, అలా నేర్చుకో, అదీ నడపడమంటే, అన్నాడు బ్యాంకు అబ్బాయితో, శత్రువు బండి అని కూడా మర్చిపోయి. బండి పక్కనుంచి పోతున్నప్పుడు చూశాడు, వీపు వెనక పసుపుపచ్చ పూలు, వాటి ముందు తన పెళ్ళాం. ఆవిడ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, ఈయన్ని చూడలేదు. "ఎవరు సార్ ఆవిడ, మీకు తెలుసా?" అన్నాడు అబ్బాయి. "తెలీదు," అన్నాడు. అన్నాక చెరువంతా దాటేదాకా ఏమీ నేర్పలేదు, ఆ అబ్బాయి రెండుసార్లు తప్పు గేరు వేస్తే కాలే చూసుకుంది. ఇంటికెళ్ళాక ఏమీ అడగలేదు. మొన్న రాత్రి భోజనం దగ్గర ఆవిడే అంది, ఎల్లుండి పొద్దున్న నాకు టెస్టు, మన బండి కావాలి, మీరూ రండి, వస్తే. ఆ చివరి మాట గొంతులో ముల్లులా దిగింది, వస్తే ఏమిటి వస్తే, రానని ఎవరన్నారు.

బూడిదరంగు కారు కదిలింది. పక్క సీట్లో ఆఫీసరు, ఆ సీటు కింద బ్రేకు లేదు, ఇంటి కారు కదా, ఆ సంగతి ఆయనకి ఇప్పుడే గుర్తొచ్చింది. అక్కడ ఆవిడ కాలు ఒక్కటే ఉంది. మొదటి మలుపు తిరిగింది. ఎత్తు మీద ఆగింది, వెనక్కి జారకుండా కదిలింది. కర్రల దగ్గరికి వచ్చి, మెడ తిప్పి, వెనక్కి తియ్యడం మొదలుపెట్టింది, ఎడమ కర్ర దగ్గరపడుతోంది, ఇంకా దగ్గర, ఈయన కుడికాలు కాగితం కప్పు మీద బలంగా దిగింది, అదే క్షణంలో బల్ల ఆ చివర కూడా చెప్పు నేలకి రాసుకున్న చప్పుడు. తిరిగి చూశాడు. వెన్నపూస కాలు కూడా నేలని నొక్కుతోంది, మడమ లేచి, పిక్క బిగిసి, ఈయనది ఎలా ఉందో అచ్చం అలాగే. నా పెళ్ళాం కోసం వీడి కాలు నొక్కడమేమిటి అనుకున్నాడు ముందు. ఒకే కర్ర కోసం రెండు కాళ్ళు, ఒక్క బ్రేకూ లేదు. వెన్నపూస సిగ్గుపడుతూ నవ్వాడు.

"మీరు పెట్టిన జబ్బే సార్ ఇది. పోదు."

ఏదో ఒకటి అనాలి. చాలాసేపటినుంచి నాలుక మీద ఉన్నదే బయటికొచ్చింది. "క్లాసులో బాగా మాట్లాడుతుందా మా ఆవిడ?" అన్నాడు, ఊరికే అడిగినట్టు, మైదానం వైపే చూస్తూ.

"మేడమా? అయ్యో, ఒక్క ముక్క మాట్లాడరు సార్. భయం పోగొడదామని నేనే ఏదో ఒకటి వాగుతుంటాను, మా పిల్లల అల్లరీ అదీ. ఆవిడ కళ్ళు రోడ్డు వదలవు. ఊఁ అంటారంతే."

ఊఁ అంటుందట. ఆ ఊఁ తనది, తన సొంత సరుకు, దాన్ని తీసుకెళ్ళి వీడికిచ్చిందని ముందు చివుక్కుమంది, ఆ వెనకే కడుపులోంచి ఏదో బరువు దిగిపోయింది, ఎంత తేలిక అంటే పక్కనున్నవాడికి తెలిసిపోతుందేమోనని మెడ తిప్పుకోవలసి వచ్చింది. చెప్పలేదు. దర్జీ సంగతి వీడికి తెలీదు. కారు కర్రల మధ్య ఎక్కడా తగలకుండా ఆగింది, ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకుని తల ఊపాడు, వెన్నపూస లేచి నిలబడి చప్పట్లు కొట్టబోయి, ఈయన్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ ఆగిపోయిన చప్పట్లు చూసి కూడా ఒళ్ళు మండింది, ముందు తనకి తట్టనందుకు.

ఆవిడ దిగలేదు. కారుని నడుపుకుంటూ గేటు దగ్గరికి తెచ్చి ఆపి, అద్దం దించి, వెన్నపూసకి దండం పెట్టి, ఈయన వైపు చూసింది. ఈయన లేచి, ప్యాంటు దులుపుకుని, అలవాటుగా అటువైపు తిరిగి వెళ్ళి స్టీరింగ్ పక్క తలుపు తీశాడు. సీటు నిండా ఆవిడ ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. "అటు," అంది. తలుపు మూసి, బానెట్ చుట్టూ తిరిగి, తన సొంత కారులో మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీటు ఆవిడ వొంటికి సరిపడా గుంటపడి ఉంది, తలుపు జేబులో ఆవిడ చేతిరుమాలు, ఆవిడ నమిలే సోంపు డబ్బా ఉన్నాయి, అద్దంలో కనిపించే రోడ్డు వేరే రోడ్డులా ఉంది. బండి కదిలింది. మెయిన్ రోడ్డు ఎక్కింది, బస్సుని దాటనిచ్చింది, ఆటోని దాటింది. ఆయన కాలు కింద రబ్బరు చాప తప్ప ఏమీ లేదు, రెండుసార్లు నొక్కి ఊరుకుంది. ఆవిడ మాట్లాడటంలేదు. లైసెన్సు వచ్చిన సంతోషం చెబుతుందనుకున్నాడు, చెప్పలేదు, ఇంటికెళ్ళే దారిలో మందుల షాపు దగ్గర ఆగుదామంటుందనుకున్నాడు, అనలేదు. అంతే, అయిపోయింది, ఇక ఈ కారు కూడా ఇల్లులాగే అయిపోయింది.

"మూడో గేరు వెయ్యి," అన్నాడు.

"అది కాదు," అంది ఆవిడ, కళ్ళు రోడ్డు మీదే పెట్టి. "ఏదైనా మాట్లాడండి. పక్కన కూర్చున్నవాళ్ళ పని అదే. ఇన్నాళ్ళూ నేను చేశానుగా."

ఏం మాట్లాడాలి. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ సీట్లో కూర్చుని అన్ని మాటలు ఎక్కడినుంచి తెచ్చిందో. దర్జీ గురించి ఆయనకేం తెలుసు, పక్కింటి కోడలి పేరైనా తెలీదు. పోస్టాఫీసు పక్క లైటు ఎర్రగా పడింది, ఆవిడ గీత మీద ఆపింది, గీతకి ముందూ కాదు వెనకా కాదు. ఆయనకి అప్పుడు దొరికింది.

"ఒకరోజు చెరువు రోడ్డు మీద ఎదురుగా ఎవరో వస్తుంటే," అన్నాడు, "మా స్టూడెంటుతో అన్నాను, చూడు, అదీ నడపడమంటే, అలా నేర్చుకో అని. నువ్వని తెలీదు. తెలిశాక వాడి బండిలో నిన్ను చూసి నాకు నిద్రపట్టలేదు. నాకు వాడంటే కుళ్ళు. ఇప్పటికీ కుళ్ళే."

ఆవిడ తల తిప్పలేదు. ఆకుపచ్చ పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు. ఆవిడ తొందరపడకుండా అద్దం చూసి, క్లచ్ వదిలి, బండి కదిలించి, "ఊఁ," అంది.

ఆ ఊఁ ఆయన ఎరిగినదే, ఇన్నేళ్ళూ తను అన్నదే, వెన్నపూస రెండు నెలలపాటు విన్నదే. ఇంతేనా అనుకుని కిటికీ వైపు తిరగబోయాడు. కూడలి దాటాక, గేరు మార్చి చెయ్యి మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టుకుంటూ ఆవిడ అంది:

"తర్వాత?"